సంతకం లేని సిలిండర్

ఫొటోలో పిల్ల నవ్వుతోంది. నవ్వు బాగానే ఉంది, నవ్వుని ఎవరు చూడమన్నారు, నేను చూస్తున్నది దాని మోకాలి పక్కన నిలబెట్టి ఉన్న సిలిండర్‌ని. రెండు వేళ్ళతో పెద్దది చేశాను, మసకబారింది, కొంచెం తగ్గించాను. సిలిండర్ మెడ కింద పసుపుపచ్చ టేపు, టేపు మీద నల్ల మార్కరుతో 32, దాని కింద 33 మీటర్లు, దాని కింద ఇవ్వాళ్టి తేదీ, దాని కింద దిగే మనిషి సంతకం పెట్టాల్సిన చోటు. అక్కడ ఏమీ లేదు. వట్టి టేపే ఉంది. మూడు అంకెకి నెత్తిన అడ్డగీత గీసి రాసేది శివాజీ ఒక్కడే. పదేళ్ళు వాడితో కలిసి పనిచేసినవాణ్ణి, వాడి మూడు నాకు తెలియదా. సాయిశ్రీ మూడు గుండ్రంగా ఉంటుంది, బడిపిల్లల మూడు. అంటే గాలి కొలిచింది శివాజీ, రాసింది శివాజీ, దాన్ని వీపుకి కట్టుకుని సముద్రంలోకి దూకబోయేది మాత్రం సాయిశ్రీ, మా అక్క కూతురు. ఫొటో కింద మెసేజ్. "మావయ్యా, ఈ రోజే ఫస్ట్ డైవ్. దీవించండి." ఏడూ నలభైకి పంపింది. నేను చూసింది ఎనిమిదీ ఇరవైకి. ఆ నలభై నిమిషాలూ నేను ఏం వెలగబెట్టానయ్యా అంటే, భవానీపురంలో నది ఒడ్డున ఈ మెట్ల మీద కూర్చుని కాళ్ళకి తొడిగే ఫిన్నులకి పట్టిన బురద కడుగుతున్నాను. ఫోను చొక్కా జేబులో, చొక్కా పై మెట్టు మీద. దీవించాలట. ఫోన్ చేశాను. కవరేజ్ ప్రాంతంలో లేరంది. మళ్ళీ చేశాను. ఆ రికార్డులో ఆడమనిషి ఎంత నింపాదిగా చెబుతుందో ఆ మాట.

శివాజీకి చేశాను, అదే మాట. పడవ బయల్దేరిపోయి ఉంటుంది. కార్యక్రమమంతా నిన్ననే చెప్పింది పిల్ల. అండమాన్‌లో ఆ డైవింగ్ పడవ మీద ఉద్యోగంలో చేరి ఇవ్వాళ్టికి నాలుగో రోజు. ముప్పై మీటర్ల లోతులో పాత ఓడ ఒకటి మునిగి ఉందట, దాన్ని చూడటానికి టూరిస్టులు నలుగురు, ముందు శివాజీ, వెనక తను. ఎనిమిదిన్నరకి దిగుతాం మావయ్యా, తొమ్మిదింబావుకి పైకి వచ్చేస్తాం, పడవ కొండ మలుపు తిరిగితే సిగ్నల్ వస్తుంది, తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తాను అంది. ఇప్పుడు ఎనిమిదీ ఇరవై ఆరు. ఇంకో నాలుగు నిమిషాలు. ఈ నాలుగు నిమిషాల్లో కృష్ణ ఒడ్డున కూర్చుని నేను ఏం చేసి చావను. ఎదురుగా గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా బ్యారేజీ వైపు కొట్టుకుపోతోంది. ద్వీపానికి వెళ్ళే మొదటి బోటువాడు ఇంజను తిప్పుతున్నాడు, అది అంటుకోవడం లేదు, మళ్ళీ తిప్పుతున్నాడు. కొండ మీద గుడి మైకులో ఎవరిదో పర్సు దొరికిందని చెబుతున్నారు. లోకమంతా మామూలుగా ఉంది, అదే నాకు ఒళ్ళు మండుతోంది.

శివాజీ కొలిచాడు కదా. వాడేం పసివాడు కాదు, నాకంటే ఎక్కువ సిలిండర్లు కొలిచి ఉంటాడు. ముప్పై రెండు అని రాశాడంటే ముప్పై రెండే అయి ఉంటుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవై ఒక్క పాళ్ళు, ఇందులో ముప్పై రెండు, అంతే కదా, దానికింత రాద్ధాంతమా. ఆక్సిజన్ ఎక్కువ ఉంటే నైట్రోజన్ తగ్గుతుంది, నైట్రోజన్ తగ్గితే అడుగున ఎక్కువసేపు ఉండవచ్చు, అందుకే టూరిస్టులకి ఈ గాలి అంటే మోజు. అయితే లోతుకి పోయేకొద్దీ అదే ఆక్సిజన్ విషమవుతుంది. ముప్పై రెండు పాళ్ళుంటే ముప్పై మూడు మీటర్ల దాకా పరవాలేదు. నింపేవాడు పరధ్యానంగా ఉండి నలభై పాళ్ళు పోశాడనుకో, ముప్పై మీటర్ల దగ్గర మనిషి అంచు మీద ఉన్నట్టు. యాభై పోశాడనుకో. వద్దు, యాభై అనుకోవద్దు. చెప్పి రాదు అది. తల తిరగడం, వాంతి, ఏవో ఉంటాయంటారు, చాలామందికి అవీ ఉండవు. ఫిట్స్ వచ్చినట్టు ఒళ్ళు కొట్టుకుంటుంది, నోట్లో గొట్టం జారిపోతుంది, తర్వాత పీల్చేది నీళ్ళు. అందుకే ఒకే ఒక్క నియమం, ఈ గాలి గురించి నేను చెప్పే కోర్సు మొత్తానికి ఒకే ఒక్కటి. నీ వీపున ఎక్కే సిలిండర్‌ని నీ చేత్తో నువ్వే కొలవాలి. బ్రహ్మదేవుడు నింపి ఇచ్చినా సరే. ఇది నేనే చెప్పాను దానికి, ఇదే గొంతుతో, ఇదే డైవింగ్ స్కూల్లో, బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కూడా గీశాను.

ఎనిమిదిన్నర అయింది. దూకి ఉంటుంది. మాస్కు మీద చెయ్యి పెట్టుకుని, ఇంకో చెయ్యి నడుం దగ్గర, కుడికాలు ముందుకి. అది ఎప్పుడూ కుడికాలే ముందు పెడుతుంది, గృహప్రవేశానికి వెళుతున్నావా అని ఏడిపించేవాణ్ణి. నీళ్ళంటే దానికి భయమన్నదే లేదు. నాగాయలంకలో నడక రాకముందే నదిలో ఆడిన పిల్ల. డిగ్రీ అయ్యాక ఏం చేస్తావే అంటే, మీలా నీళ్ళలో ఉద్యోగం చేస్తాను అంది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు చేపలు అమ్మారు, ఎండబెట్టారు, రొయ్యలు వొలిచారు, పడవెక్కి నీళ్ళలో పని చేసినవాళ్ళు ఎవరూ లేరు. అక్క అడ్డం చెప్పలేదు. నీ దగ్గరుంటే నాకేం భయంరా అని మాత్రం అంది. అవును, నా దగ్గరుంటే.

"టీ చల్లారిపోతోందండీ," అంటూ జానకిరామ్ వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు. గుడివాడ దగ్గర పొలాలున్న ఇంటివాడు, ఇంజనీరింగ్ ఉద్యోగం మానేసి నీళ్ళ పిచ్చితో నా దగ్గరికి వచ్చి చేరాడు. ఇప్పుడు స్కూలు ఇద్దరిదీ. గొంతు పెంచడు, అండీ లేకుండా మాట్లాడడు, అనుకున్నది మాత్రం వదలడు. ఫోను బోర్లా పెట్టేశాను. ఎందుకు పెట్టానో నాకే సిగ్గేసింది. ఏడాదిగా మా ఇద్దరికీ ఒకటే తగువు, ఈ గాలి కోర్సులో ప్రాక్టీస్ డైవులు ఉండాలా వద్దా అని. ఉండాలంటాడు ఆయన, రెండైనా. అక్కర్లేదంటాను నేను. రూలు పుస్తకంలో కావాలంటే పెట్టుకోండి అని ఉంది, తప్పనిసరి అని లేదు. లేనిదాన్ని నెత్తికెత్తుకోవడం దేనికి. పైగా ఇక్కడ నదిలో ఎంత దిగినా ఏడు మీటర్లు దాటదు, ఏడు మీటర్లలో ఏ గాలైనా ఒకటే. సముద్రానికి పోవాలంటే విశాఖ పోవాలి. పోయి దిగితే మాత్రం ఏం తెలుస్తుందండీ, ఈ గాలికి రుచి లేదు, వాసన లేదు, పీలిస్తే తేడా తెలియదు, దిగినవాడు దిగినట్టే వస్తాడు. నేర్చుకోవాల్సింది లెక్క, బల్ల మీద నేర్చుకోవచ్చు, ఒక మధ్యాహ్నం చాలు అన్నాను. నలుగురు స్టూడెంట్ల ముందే అన్నాను. ఆయన మాత్రం, "డైవు నీళ్ళ కోసం కాదండీ. దూకేముందు పది నిమిషాలుంటుంది చూడండి, దాని కోసం," అన్నాడు. ఆ పది నిమిషాలూ క్లాసురూములో ఫ్యాను కింద పెట్టుకుందాం లెండి, చల్లగా ఉంటుంది అన్నాను. అందరూ నవ్వారు. సాయిశ్రీ కూడా నవ్వింది. ఆ బ్యాచిలోనే ఉంది అది.

ఆయన ఏమీ అడగడం లేదు. అడిగితే కసిరేవాణ్ణి, అడగకపోయేసరికి ఉండబట్టలేదు. ఫోను తిప్పి ఇచ్చాను. "సాయిశ్రీ. ఇవ్వాళ మొదటి డైవు," అన్నాను. పిల్ల మొహం చూసి, బాగుందండీ అంటాడనుకున్నాను. కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "సంతకం లేదేంటండీ?" అన్నాడు.

"తర్వాత పెట్టి ఉంటుంది. ఫొటో ముందు తీసింది కదా," అన్నాను.

"అయ్యుండచ్చండీ," అన్నాడు. అంతే. టీ గ్లాసు నా వైపు జరిపాడు. తిట్టినా బాగుండేది. చూశారా, నేను చెప్పానా అన్నా బాగుండేది, గొంతు పట్టుకుని ఉండేవాణ్ణి, కాసేపు అదైనా ఒక పని. మంచివాళ్ళతో వచ్చిన గొడవే ఇది, మన కోపాన్ని మన చేతిలోనే వదిలేసి పోతారు. లోపల క్లాసు మొదలుపెట్టాలి, కొత్త బ్యాచి వచ్చి కూర్చున్నారని చెప్పి లేచి వెళ్ళాడు. అదీ ఈ గాలి కోర్సే. ఆరుగురు. బోర్డు మీద అదే నియమం, కింద అవే రెండు గీతలు.

తర్వాత పెట్టి ఉంటుంది. ఎందుకు పెట్టకూడదు. ఫొటో దిగాక శివాజీ అటు తిరగ్గానే ఆక్సిజన్ కొలిచే ఎనలైజర్ తీసుకుని, కవాటం కొంచెం విప్పి, అంకె నిలబడేదాకా ఆగి, చూసి, సంతకం పెట్టి ఉంటుంది. అటు తిరగ్గానే. చూడు, నా ఊహలో కూడా అది శివాజీ ఎదురుగా కొలవడం లేదు. వాడు అటు తిరిగాకే కొలుస్తోంది. నాకు తెలుసు కదా ఆ పిల్ల. మా ఇళ్ళు తెలుసు. పొద్దున్నే పడవ వచ్చి ఆగితే ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని నిలబడతారు. పడవ పెద్దాయన ఎవరి బుట్టలో ఎంత పొయ్యాలో అంత పోస్తాడు. పోసినదాన్ని ఆయన కళ్ళెదుట చేత్తో కలియబెట్టి చూడటం, లెక్కపెట్టడం, పైకెత్తి బరువు చూడటం, ఇవేవీ ఉండవు. తల మీద పెట్టుకుని గట్టెక్కాలి. గట్టు దాటాక ఎవరి బుట్ట వాళ్ళు దించి చూసుకుంటారు. తక్కువొచ్చినా, అడుగున మెత్తబడ్డవి పడ్డా, అప్పటికి అంతే, రేపు ఆయనే సరిచేస్తాడు. ఎదురుగా చూస్తే ఆయన్ని దొంగని చేసినట్టు. దీనికి ఎవరూ కాగితం రాసుకోలేదు. సాయిశ్రీకి ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి పీతలు బుట్టలో పడుతుంటే ఒకటీ రెండూ మూడూ అని పైకే లెక్కపెట్టింది. మా అక్క నవ్వు మొహంతో పెద్దాయన వైపు చూస్తూనే దానికి తొడపాశం పెట్టింది. నాలుగు దగ్గర ఆగిపోయింది పిల్ల. నేను అక్కడే ఉన్నాను, నవ్వాను కూడా. ఏడుస్తూ నా వెనక్కి వచ్చి దాక్కుంది.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకి, పెద్దవాడు చేతికిచ్చినదాన్ని వాడి ఎదురుగా కొలువు అని బోర్డు మీద రాస్తే వస్తుందా. నేనూ ఆ ఇంట్లో పుట్టినవాణ్ణే. నాకెలా వచ్చింది. ఇది జానకిరామ్‌కి ఎప్పుడూ చెప్పలేదు నేను, చెప్తే ఆయన వాదం గెలుస్తుందని చెప్పలేదు, ఇప్పుడైనా నిజం ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట విశాఖలో నాకు ఈ గాలి సంగతి నేర్పింది జయపాల్‌గారు. ఆరడుగుల మనిషి, కోపిష్టి, కన్నెత్తి చూడాలంటే భయం. క్లాసులో అన్నీ గడగడా చెప్పాను, పరీక్షలో నాదే మొదటి మార్కు. మర్నాడు ప్రాక్టీస్ డైవు. పడవ ఊగుతోంది, ఎనిమిదిమందిమి, అందరూ తొందరపడుతున్నారు. జయపాల్‌గారు స్వయంగా సిలిండర్ తెచ్చి నా ముందు పెట్టి, ముప్పై ఆరు, నేనే చూశాను, కట్టుకో అన్నారు. కట్టుకున్నాను. ఎనలైజర్ నా పక్కనే పెట్టెలో ఉంది. చెయ్యి దాని వైపు వెళ్ళిన మాట నిజం. ఆయన మొహం చూశాను, చెయ్యి వెనక్కి వచ్చేసింది. టేపు మీద ముప్పై ఆరు రాసి సంతకం పెట్టాను. పడవ అంచున నిలబడ్డాక వెనక నుంచి కాలరు పట్టుకుని లాగారు. ఎనలైజర్ నా చేతిలో పెట్టి, చదవరా అందరికీ వినపడేట్టు అన్నారు. ఇరవయ్యొకటి. అది మామూలు గాలి, ముప్పై ఆరు లెక్కన అడుగున ఉండిపోతే నైట్రోజన్ ఒంట్లో నిండి మనిషి పోతాడు. ఎవరు చంపారురా నిన్ను అని అడిగారు. మీరేనండీ అన్నాను. కాదు, నీ మర్యాద చంపింది అన్నారు. ఎనిమిదిమందీ చూస్తున్నారు. ఆ రోజంతా అన్నం తినలేదు నేను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు వల్లే ఇరవై ఏళ్ళుగా బతికి ఉన్నాను, ఎవరిచ్చిన సిలిండరైనా నా చెయ్యి దానంతటదే ఎనలైజర్ మీదికి పోతుంది. ఆ పది నిమిషాలు ఫ్యాను కింద దొరకవని నాకు తెలుసు. తెలిసే ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను.

ఫోను మోగింది. సాయిశ్రీ కాదు, అక్క, నాంచారమ్మ. అవనిగడ్డ మార్కెట్లోంచి, వెనక ఎవరో బొచ్చెల ధర అరుస్తున్నారు.

"ఒరేయ్ మంగా, పిల్ల ఫొటో పంపింది చూశావా? ఆ సిలిండరు ఎంత ఉందిరా, దాని అంత ఉంది. మొయ్యగలదా?"

"నీళ్ళలో బరువు తెలీదక్కా."

"ఫోన్ చేస్తే కలవట్లేదు."

"నీళ్ళలో ఉంది. తొమ్మిదిన్నరకి చేస్తుంది."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"మంచుకి కాస్త జలుబు," అన్నాను. ఎర్రటి ఎండ కాస్తోంది. మా అక్క అమ్మేవాడి గొంతుని బట్టి చేప ఏ రోజుదో చెప్పగల మనిషి, నమ్మిందో లేదో. సరే, అది చెయ్యగానే నాకు చెయ్యమను అంది. నీ దగ్గర నేర్చుకుంది కదా, నాకేం బెంగ లేదులే అని పెట్టేసింది. నేను అడగలేదు ఆ మాట. మనిషి ధైర్యంగా ఉండటానికి వేరే మాటే దొరకదా ఈ ఆడమనిషికి.

ఎనిమిదీ యాభై ఐదు. అడుగున ఉంటారు ఇప్పుడు. ఓడ చుట్టూ తిరుగుతుంటారు. టూరిస్టులు చేపల్ని చూస్తారు, అది టూరిస్టుల్ని చూస్తుంది, దాన్ని ఎవరు చూస్తారు, వెనక ఉన్నవాణ్ణి ఎవరూ చూడరు. శివాజీ ముందున్నాడు. వాడు తల తిప్పేసరికి ఎంతసేపవుతుంది. నేను నదిలోంచి మనుషుల్ని తీసిన రోజులు గుర్తొస్తున్నాయి. బ్యారేజీ దగ్గర, పుష్కరాల్లో, పోలీసులు కబురు పెడితే వెళ్ళేవాళ్ళం. నీళ్ళలో దొరికినవాళ్ళ చేతులు ఎప్పుడూ ఏదో పట్టుకోబోతున్నట్టే ఉంటాయి. ఒద్దు. సాయిశ్రీ చేతులు చిన్నవి, గోళ్ళు కొరుక్కుంటుంది, ఎంత చెప్పినా మానలేదు. ఒద్దన్నానా. తల్లీ, ఒక్కసారి పైకి రా. కొలిచావో లేదో తర్వాత చూద్దాం, ముందు పైకి రా. కొండ వైపు చూసి దండం పెట్టాను. నాలో నేనే తిట్టుకున్నాను, నీ పనికి అమ్మవారు సంతకం పెట్టాలా అని.

దాస్తున్నాను. ఇంతసేపూ జయపాల్‌గారి కథ, పీతల కథ, అన్నీ చెప్పుకున్నాను కానీ అసలుది దాటుకుంటూ పోతున్నాను. ఆ మధ్యాహ్నం క్లాసులో మూడు సిలిండర్లు బల్ల పక్కన వరసగా పెట్టాను. మొదటిది కొలిచి చూపించాను. రెండోది సాయిశ్రీ చేత కొలిపించాను, చక్కగా కొలిచింది, ముందు మామూలు గాలికి సరిచూసుకుంది, అంకె ఆగేదాకా ఆగింది. మూడోది నేనే కొలిచేశాను, టైమైపోతోంది, ఎవరో బయట ఎదురుచూస్తున్నారు. ముప్పై రెండు, రాసేయమ్మా అన్నాను. అది మార్కరు పట్టుకోలేదు. ఎనలైజర్ అందుకుని సిలిండర్ మీదికి వంగింది. నేను బోర్డు మీద రాసిందే చేసింది. మూడోదాన్ని తన చేత్తో కొలవబోయింది. అప్పుడు నేను, ఈ నోటితో, "ఏమే, నా మీదే నమ్మకం లేదా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. సరదాకి. మావయ్యని కదా, ఆ మాత్రం వేళాకోళం ఉండదా. దాని మొహం ఎర్రబడింది. అయ్యో, అది కాదు మావయ్యా అని ఎనలైజర్ కింద పెట్టేసి, ముప్పై రెండు రాసి, సంతకం పెట్టింది. గుండ్రటి మూడు. సాయంత్రం కోర్సు పాసైనట్టు ఇచ్చే కార్డుకి నేను సంతకం పెట్టాను. అక్క తొడపాశం పెట్టినచోటే నేనూ పెట్టాను, ఇంకొంచెం నవ్వు కలిపి. పీతలప్పుడైనా నాలుగు దాకా వచ్చింది, నా దగ్గర ఒకటి దాకా కూడా రాలేదు. విశాఖ తీసుకెళ్ళి, పడవ మీద నిలబెట్టి, నలుగురిలో కాలరు పట్టుకుని లాగి ఉంటే నన్ను తిట్టుకునేది, ఒకపూట అన్నం మానేసేది. దాన్ని సిగ్గుపెట్టడం నాకిష్టంలేకపోయింది. ఇష్టంలేకపోవడమేంటి, బద్ధకం. బద్ధకానికి రూలు పుస్తకం అడ్డం పెట్టుకున్నాను.

తొమ్మిదింబావు. తొమ్మిదీ ఇరవై. బోటు జనాన్ని ఎక్కించుకుని ద్వీపానికి వెళ్ళింది, వెళ్ళి ఇంకో జనాన్ని తెచ్చింది. తొమ్మిదీ ముప్పై. ఫోను అరచేతిలో చెమటకి జారుతోంది. తొమ్మిదీ ముప్పై ఆరు. క్లాసులో జానకిరామ్ గొంతు వినపడుతోంది, నెమ్మదిగా, ఒక్కో మాటా. తొమ్మిదీ నలభై ఒకటి. ఇంక లేదు అనుకున్నాను. అక్కకి ఏమని చెప్పాలో మొదటి మాట వెతుక్కుంటున్నాను. అప్పుడు మోగింది.

"మావయ్యా, ఎంత బాగుందనుకున్నారు! ఓడ లోపల గదిలో ఇంత పెద్ద చేప, తలుపు దగ్గర కాపలా ఉన్నట్టు..."

మెట్ల మీద వంగిపోయాను. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, అటుగా బట్టలు ఉతుక్కునే ఆవిడ చూస్తోంది, చూడనీ. బతికి ఉంది. చేప గురించి చెబుతోంది. చెప్పనిచ్చాను. ఎంతసేపు చెబితే అంతసేపు విందామనిపించింది. అది ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగాను.

"సిలిండర్ కొలిచావా?"

"శివాజీ బాబాయ్ కొలిచారండీ."

"నువ్వు కొలిచావా అని అడిగాను."

"ఆయన కొలిచి ఇచ్చాక అందరి ముందూ మళ్ళీ నేనెలా కొలుస్తాను మావయ్యా? బాగోదు కదా. ఏం కాలేదుగా."

ఏం కాలేదు. అదే నాకు భయం వేసింది, అప్పటిదాకా పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఏం కాలేదు కనక రేపూ కొలవదు, ఎల్లుండీ కొలవదు. రెండో డైవు ఎప్పుడే అన్నాను. పదకొండింటికి అంది. ఫోను శివాజీకిచ్చి స్పీకర్లో పెట్టమన్నాను.

"ఏంటన్నా, మేనకోడలు గురించి బెంగా? చేపలా ఈదుతోంది," అన్నాడు వాడు. రెండో సిలిండర్ దాని చేత కొలిపించరా అన్నాను. వాడు నవ్వాడు. ఇదుగో నీ ఎదురుగానే చూస్తున్నాను విను అన్నాడు. కవాటం బుస వినపడింది. ఆగాడు. "ముప్పై రెండు పాయింట్ ఒకటి. చాలా?"

"నువ్వు కొలవడం కాదు. ఎనలైజర్ దానికివ్వు. సాయీ, తీసుకో. నువ్వు కొలిచి చదువు."

పడవ మీద టూరిస్టులు ఏదో అనుకుంటున్నారు. తీసుకోవే అని నాలో నేను బతిమాలుకుంటున్నాను. ఒక్క నిమిషం పని. తీసుకుంటే చాలు, ఇంకేం అడగను.

"ఇప్పుడే కదా మావయ్యా బాబాయ్ చదివింది," అంది చిన్నగా. "మళ్ళీ ఎందుకండీ."

ఆ గొంతు నాకు తెలుసు. బల్ల దగ్గర ఎనలైజర్ కింద పెట్టేసినప్పటి గొంతు. నేను పెట్టించిన గొంతు.

"శివాజీ," అన్నాను, "దాన్ని దింపొద్దు. ఇవ్వాళే కాదు, ఎప్పుడూ. దాని కార్డు చెల్లదు. నేను నేర్పకుండా సంతకం పెట్టాను. కార్డులిచ్చే సంస్థకి కూడా ఇప్పుడే రాస్తున్నాను."

"మతి ఉండే మాట్లాడుతున్నావా? ఈ మాట బయటికొస్తే నీ స్కూలుకి ఎవడొస్తాడు? నంబరు కరెక్టుగానే ఉందిగా."

"ఉంది. పిల్ల కొలవలేదు."

ఫోను చేతులు మారిన చప్పుడు. ఏడుస్తోంది. ఏడుపు ఆపుకుంటూ, మాట మాటకీ ఆగుతూ, "అందరి ముందూ పరువు తీశారు కదా మావయ్యా," అంది. "నాతో విడిగా చెప్పి ఉంటే సరిపోయేది కదా."

చెప్పాల్సిన రోజున విడిగా కూడా చెప్పలేదమ్మా, ఉల్టా చెప్పాను, తప్పు నాది అన్నాను. విన్నదో లేదో. ఇంటికి రా, విశాఖ వెళదాం, రెండు డైవులు, పది డైవులు చేద్దాం అంటుండగానే పెట్టేసింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఈసారి కవరేజ్‌లోనే ఉంది.

లేచి క్లాసు వైపు రెండు మెట్లు ఎక్కాను. ఆరుగురికీ ఇవ్వాళ కార్డులు లేవని చెప్పాలి, జానకిరామ్‌కి చెప్పాల్సింది ఇంకా ఉంది. ఫోను మోగింది. అక్క.

"చేసిందా? పిల్ల బాగుందా?"

"బాగుందక్కా," అన్నాను. "ఉద్యోగం పోయింది. నేనే తీయించాను."